ఇంటిల్లిపాది కారు: ఇంజను ఎక్కడ నుండవలెను?

మోటారుకార్లపై మక్కువ గలవారు నలుగురు ఒకచోట చేరినచో వాదము తప్పదు. పందెపు కార్లను గూర్చిన వాదము త్వరగానే తేలిపోవును. ఏది ముందు వచ్చినదో గడియారము చెప్పును. కాని భార్యాబిడ్డలతో, ముసలి తల్లిదండ్రులతో, మూటాముల్లెతో ప్రయాణము చేయు సామాన్య గృహస్థునకు ఏ కారు మేలు అను ప్రశ్న వచ్చినప్పుడు గడియారము పనికిరాదు. ఒకరు పెట్రోలు ఖర్చు చూడుమందురు. ఒకరు సామానుకు చోటు చూడుమందురు. దారిలో ఆగిపోయినచో బాగుచేయువాడు దొరకునా అని మరియొకరు అడుగుదురు. నూరేండ్లుగా ఈ తగవు సాగుచున్నది. పైకి ఇది అభిరుచుల తగవుగా కనిపించును. లోతుగా చూచినచో దీని అడుగున ఒక చిన్న జ్యామితి సమస్య యున్నది. కారు పొడవులో మనుష్యుల వంతు ఎంత, యంత్రము వంతు ఎంత? ఇంజను ముందుండవలెనా, వెనుక నుండవలెనా? అది త్రిప్పవలసినది ఏ చక్రములను?

సామాన్యునకు మోటారుకారు అందిన కథ హెన్రీ ఫోర్డుతో మొదలగును. ఆయన "టి" నమూనా కారు 1908 అక్టోబరులో వెలువడెను. అప్పటి వెల సుమారు 850 డాలర్లు. 1913లో హైలాండ్ పార్కు కర్మాగారమున, పనివాడు బండి చుట్టు తిరుగుటకు మారుగా బండియే పనివాని యొద్దకు కదలివచ్చు ఏర్పాటు జరిగెను. చట్రమును కూర్చుటకు అంతకు ముందు పండ్రెండున్నర గంటలు పట్టుచుండగా, అది సుమారు గంటన్నరకు దిగెను. వెల కూడ ఏటేట తగ్గి 300 డాలర్ల లోపునకు వచ్చెను. 1927లో తయారీ ఆగునాటికి కోటి యేబది లక్షల కార్లు అమెరికాలోను, ఇతర దేశములలోను తిరుగాడెను.

ఈ కారులో ఇంజను ముందుభాగమున నుండెను. దాని వెనుక గేరుపెట్టె. అచ్చటినుండి ఒక పొడవైన కడ్డీ బండి అడుగున పోయి వెనుక ఇరుసును త్రిప్పును. తరువాత అనేక దశాబ్దులు లోకములోని కార్లలో ఎక్కువ భాగము ఈ పద్ధతినే అనుసరించెను. దీనిలో ఒక సుగుణము కలదు. ఒక్కొక్క జత చక్రములకు ఒక్కొక్క పని: ముందువి దారి మళ్ళించును, వెనుకవి బండిని నెట్టును. బండి ఎత్తు ఎక్కునప్పుడు భారము వెనుకకు ఒరుగును గనుక, నెట్టు చక్రములకు నేలపై పట్టు హెచ్చును. పనిముట్లు పట్టిన ప్రతివానికి ఈ అమరిక తెలియును.

లోపము చోటు విషయమున వచ్చినది. ఇంజను, గేరుపెట్టె ఒకదాని వెనుక నొకటి బారుగా నుండుటచే కారు పొడవులో పెద్ద భాగమును అవియే ఆక్రమించును. అడుగున పోవు కడ్డీకి దారి యిచ్చుటకై నేలను ఎత్తుచేయవలెను, లేదా నడుమ గట్టువలె ఉబ్బెత్తు వదలవలెను. వెనుక సీటు నడుమ కూర్చున్న పిల్లవాని మోకాళ్ళు గడ్డమునకు తగులును. విశాలమైన అమెరికా కార్లకు ఇది పెద్ద కష్టము కాదు. ఐరోపాలో సందులు ఇరుకు, పెట్రోలు ప్రియము, ఇంజను పరిమాణమును బట్టి పన్ను వేయు దేశములు కూడ నుండెను. అచ్చట చిన్నకారు కట్టదలచిన ఇంజనీరునకు ప్రతి అంగుళము లెక్కయే.

కొందరు దీనికి సులభమైన విరుగుడు కనుగొనిరి. వెనుక చక్రములను త్రిప్పవలసినప్పుడు ఇంజనును కూడ వెనుకనే పెట్టినచో కడ్డీ ఎందులకు? జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే 1930 దశకములో రూపొందించిన "ప్రజల కారు" ఈ తీరున కట్టబడినది. ఇంజను గాలిచే చల్లబడునది. నీరు లేదు, శీతకాలమున గడ్డకట్టు భయము లేదు. నాజీ ప్రభుత్వము దీనిని 990 మార్కులకు ఇత్తుమని ప్రకటించి, వారమునకు ఐదు మార్కుల చొప్పున బిళ్ళలు అమ్మి ప్రజలచే సొమ్ము దాచించెను. మూడు లక్షలకు పైబడిన కుటుంబములు ఆ విధముగా పొదుపు చేసినవి. వారిలో ఒక్కరికైనను ఆ పథకము క్రింద కారు చేరలేదు. కర్మాగారము యుద్ధపు బండ్లు చేయుటకు మరలెను. కుటుంబపు కారు పేరిట జరిగిన వంచనలలో ఇంతకంటె పెద్దది మరియొకటి ఉండదు.

యుద్ధానంతరము బాంబులచే దెబ్బతిన్న ఆ కర్మాగారము బ్రిటిషు సైన్యము చేతికి వచ్చెను. ఈ బండి సామాన్య కొనుగోలుదారునకు నచ్చదని బ్రిటిషు మోటారు నిపుణులు తేల్చిరి. మేజర్ ఐవన్ హర్స్ట్ అను సైనికాధికారి మాత్రము దానిని మరల నడిపించెను. నిపుణులు పెదవి విరిచిన ఈ ఫోక్స్‌వాగన్ "బీటిల్" 1972 ఫిబ్రవరి 17న ఫోర్డు "టి" కారు సంఖ్యను దాటెను. 2003లో మెక్సికోలో చివరి కారు వెలువడునాటికి మొత్తము రెండుకోట్ల పదిలక్షలకు మించెను. ఫ్రాన్సులో రెనో 4సివి (1946), ఇటలీలో ఫియట్ 600 (1955), ఫియట్ 500 (1957) కూడ వెనుక ఇంజను కార్లే. 1950 దశకములో ఐరోపాలో చిన్నకారు కొనదలచినవానికి వెనుక ఇంజనే సహజమైన పద్ధతిగా తోచెను.

అయినను అభిమానుల వాదములో ఒక ఎదురుమాట వినిపించుచునే యుండెను: తోక బరువు. బాణమునకు ములికి వైపున బరువుండును గనుకనే అది తిన్నగా పోవును. బరువు తోకవైపున నుంచి విసరినచో అది గాలిలో తిరుగబడ జూచును. వెనుక ఇంజను గల కారు మలుపులో వేగముగా పోవునప్పుడు, వెనుక చక్రముల పట్టు తప్పినచో, బరువైన తోక వెలుపలికి ఊగి ముందుకు రాజూచును. దీనికి తోడు ఈ కార్లలో పెక్కింటికి వెనుక ఇరుసు నడుమ విరిగి ఊగునట్టిది. బండి పైకి లేచినప్పుడు చక్రములు లోనికి ముడుచుకొని నేలపై పట్టు సడలును. అమెరికాలో షెవ్రొలే సంస్థ 1960 నమూనాగా తెచ్చిన కొర్వెయిర్ కారు ఈ కారణముననే అపకీర్తి పాలైనది. రాల్ఫ్ నేడర్ 1965లో ప్రచురించిన పుస్తకములో మొదటి అధ్యాయము దానిని గూర్చియే. 1972లో అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ పరీక్షించి, అది తనకాలపు ఇతర కార్లకంటె హీనమైనది కాదని తేల్చిన మాటయు నిజమే. కాని అప్పటికే ఆ కారు అంగడినుండి తొలగిపోయినది.

మూడవ మార్గము మిగిలినది. ఇంజను ముందే యుండవలెను, ముందు చక్రములనే త్రిప్పవలెను. ఎద్దు బండికి ముందుండి లాగును గాని వెనుకనుండి నెట్టదు గదా! ఇంజను బరువు లాగు చక్రములపైననే పడుటచే బురదలోను మంచులోను పట్టు బాగుండును. అడుగున కడ్డీ లేదు గనుక నేల చదునుగా నుండును. ఇన్ని సుగుణములుండగా అందరును ఈ పద్ధతిని ఏల చేపట్టలేదు? కారణము ఒక కీలు.

ముందు చక్రములు బండిని లాగుచు, అదే సమయమున ప్రక్కలకు తిరుగవలెను. తిరుగుచున్న కడ్డీని వంపుగా మరియొక కడ్డీకి కలుపుటకు పూర్వమునుండి వాడుకలో నున్నది హుక్ కీలు. 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేర ఇది ప్రసిద్ధము. రెండు కవలలు, నడుమ కూడిక గుర్తు వంటి ఒక ముక్క, ఇంతే. దీనిలో ఒక దోషము కలదు. రెండు కడ్డీలు తిన్నగా నున్నంతవరకు వేగములు సమానము. వాని నడుమ కోణము ఏర్పడినచో, మొదటి కడ్డీ నిలకడగా తిరిగినను రెండవది ఒకసారి వేగముగా, ఒకసారి మెల్లగా తిరుగును. ఆ కోణపు కొసైనుచే గుణించినంత కనిష్ఠ వేగము, భాగించినంత గరిష్ఠ వేగము. కోణము 30 డిగ్రీలైనచో, ఇంజను వైపు కడ్డీ నిమిషమునకు 100 చుట్లు తిరుగుచుండగా చక్రపు వైపు కడ్డీ వేగము 86.6 నుండి 115.5 వరకు మారుచుండును. అదియు ఒక్కొక్క చుట్టులో రెండేసి మారులు. మెకానికు కొట్టులో పాత కీలు ఒకటి దొరకినచో ఉపాధ్యాయుడు దీనిని తరగతిలో చేతితో త్రిప్పి చూపవచ్చును.

వెనుక చక్రములను త్రిప్పు కార్లలో ఈ కోణము స్వల్పము. పైగా రెండు కీళ్ళు అమర్చి ఒకదాని దోషమును మరియొకదానితో సరిపెట్టవచ్చును. ముందు చక్రముల విషయమున అట్లు కాదు. మలుపు తిరిగినపుడెల్ల స్టీరింగు పట్టిన చేతులు అదురును, కీళ్ళు అరుగును, టైర్లు తినివేయబడును. ఫ్రాన్సులో ఫెనాయ్, గ్రెగువార్ అనువారు 1926లో దీనికొక విరుగుడు కనిపెట్టిరి. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా అను ఇంజనీరు అదే దశాబ్దిలో మరింత చక్కని కీలును రూపొందించెను. ఒక గిన్నె, దానిలో ఒక గుండ్రని దిమ్మ, రెంటి నడుమ వంపు గాడులలో ఆరు ఉక్కు గుండ్లు. రెండు కడ్డీలు ఏ కోణమున నున్నను ఈ గుండ్లు ఆ కోణమును సరిగా రెండుగా చీల్చు తలముననే నిలుచును. అందుచే రెండు వైపుల వేగము ఎల్లప్పుడు సమానము. దీనికే సమవేగ కీలు అని పేరు. చెప్పుట సులభము, అగ్గువగా లక్షల కొలది చేయుట కష్టము. ముందు చక్రముల పక్షము ముప్పది యేండ్లు కాచుకొనవలసివచ్చినది.

ఆ లోపల ఫ్రాన్సులో ఒక విచిత్రమైన ప్రయత్నము జరిగెను. సిట్రొయెన్ సంస్థ అధిపతి బూలాంజే తన ఇంజనీర్లకు ఒక పల్లెటూరి కారు కావలెనని ఆజ్ఞాపించెను. ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళాదుంపలు, గంటకు 60 కిలోమీటర్లు. 100 కిలోమీటర్లకు మూడు లీటర్ల పెట్రోలు మించరాదు. కోడిగ్రుడ్ల బుట్టతో దున్నిన పొలములో నడిపినను ఒక్క గ్రుడ్డు పగులరాదు. యుద్ధకాలమున తొలి నమూనాలను జర్మనుల కంటబడకుండ దాచిరి. 1948 అక్టోబరులో పారిసు ప్రదర్శనలో 2సివి కారును చూచి పత్రికలవారు నవ్విరి. రేకు పెట్టెవంటి ఒడలు, గుడ్డ పైకప్పు, 375 ఘన సెంటీమీటర్ల ఇంజను, తొమ్మిది అశ్వముల శక్తి! ముందు వెనుక చక్రముల స్ప్రింగులు ఒకదానితో నొకటి ముడిపడి యుండుటచే ముందు చక్రము గుంటలో పడిన సంగతి వెనుక స్ప్రింగునకు తెలియును. గ్రుడ్ల రహస్యము ఇదియే. నవ్వినవారు నవ్వుచుండగనే కొనదలచిన రైతులు యేండ్ల తరబడి వరుసలో నిలిచిరి. 1990 వరకు ఆ కారు తయారైనది.

నిర్ణాయకమైన అడుగు ఇంగ్లండులో పడినది. 1956లో సూయజ్ కాలువ సంక్షోభముతో పెట్రోలు కరవై, ఆ డిసెంబరునుండి బ్రిటనులో పెట్రోలుకు రేషను పెట్టిరి. జనులు మూడు చక్రముల బుడగ వంటి జర్మను బండ్లను కొనసాగిరి. బ్రిటిష్ మోటారు కార్పొరేషను అధిపతి లెనర్డ్ లార్డ్‌కు ఆ బుడగలను చూచిన కోపము. వానిని తరిమివేయగల అసలైన చిన్నకారు కట్టుమని ఆయన ఇస్సిగొనిస్‌ను కోరెను. అలెక్ ఇస్సిగొనిస్ 1906లో స్మిర్నా పట్టణమున జన్మించినవాడు. లండనులో ఇంజనీరింగు చదువుచు గణితములో మూడు మారులు తప్పినవాడు. కాని ఆయన వేసికొన్న లెక్క చిన్నదియు ఖచ్చితమైనదియు: పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల పెట్టె, దాని నేలలో నూటికి ఎనుబది వంతులు మనుష్యులకు, సామానుకు.

నాలుగు సిలిండర్లు వరుసగా నున్న ఇంజను పొడవుగా నుండును, సన్నముగా నుండును. అది బండికి నిలువున నున్నంతకాలము మనుష్యుల చోటును తినును. ఇస్సిగొనిస్ దానిని అడ్డముగా త్రిప్పి పెట్టెను. మరి గేరుపెట్టె? దానిని ఇంజను క్రింద నూనె తొట్టిలోనే ఇరికించెను; రెంటికి నూనె ఒకటే. చక్రములు పది అంగుళములు మాత్రమే. వాని గూళ్ళు లోపలి చోటును ఆక్రమించవు. ఉక్కు స్ప్రింగులకు బదులు అలెక్స్ మోల్టన్ రూపొందించిన రబ్బరు శంకువులు. చక్రములకు ర్జెప్పా కీళ్ళు. 1959 ఆగస్టు 26న మినీ కారు వెలువడెను. ఇంజను 848 ఘన సెంటీమీటర్లు. వెల పన్నుతో కలిపి 497 పౌనులకు కొంచెము లోపు. అడ్డపు ఇంజనుతో ముందు చక్రములను త్రిప్పిన కారు ఇదే మొదటిది కాదు. జర్మనీలో డికెడబ్ల్యు సంస్థ 1931లోనే రెండు సిలిండర్ల చిన్న ఇంజనుతో అట్టిది చేసినది. నాలుగు సిలిండర్ల ఇంజనును పది అడుగుల బండిలో ఇమిడ్చి, నలుగురు పెద్దవారిని కూర్చుండబెట్టుట మినీ గొప్పతనము.

ఎవరికై కట్టిరో వారు మొదట దీనిని నమ్మలేదు. బుద్ధిమంతుడైన కుటుంబీకుడు ఆ చిన్న చక్రములను చూచి శంకించెను. అతని శంక కొంత నిజమే: తొలి కార్లలో నేలలోనికి వాన నీరు ఊరెను, ఇంజను ముందువైపున నున్న విద్యుత్ పరికరము తడిసి బండి ఆగిపోయెను. లండను నాగరికులు ముచ్చటపడి కొనిన పిమ్మట గాని మినీకి గిరాకి రాలేదు. ఇంటి కారుగా పుట్టిన ఈ బండి 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీ కార్లో పందెమును గెలిచినది. మంచు దారులలో, బరువంతయు లాగు చక్రములపై నుండుట దానికి కలిసివచ్చినది. గడియారము పనికిరాదనుకొన్న తగవులో గడియారము కూడ సాక్ష్యము పలికినట్లయినది.

పాత పద్ధతివారు ఓటమి నొప్పుకొనలేదు. ఫోర్డువారు ఒక మినీని కొని, మరమరను విప్పి లెక్కవేసి, ఒక్కొక్క కారుపై తయారీదారునకు సుమారు 30 పౌనులు నష్టము వచ్చుచున్నదని తేల్చిరి. వారు 1962లో తెచ్చిన కొర్టినా కారు ముందు ఇంజను, వెనుక చక్రముల పాతకాలపు బండియే. కాని తేలిక, చవక, మరమ్మతు సులభము. అదియు లక్షల సంఖ్యలో అమ్ముడుపోయెను. వారి ఆక్షేపణ తోసివేయదగినది కాదు. మినీలో గేరుపెట్టెను బాగుచేయవలెనన్న ఇంజనును పైకి తీయవలెను. ఇంటి కారు గలవాడు ఆ కూలి భరింపవలెను.

ఈ చిక్కును విడదీసినవాడు ఇటలీలో వెనుక ఇంజను ఫియట్లను సృష్టించిన దాంతె జియకోజాయే. ఆయన ఇంజనును అడ్డముగానే ఉంచి, గేరుపెట్టెను దాని క్రింద గాక దాని చివర ప్రక్కకు తగిలించెను. నూనెలు వేరు, మరమ్మతు వేరు. గేరుపెట్టె ఒక ప్రక్కకు జరుగుటచే చక్రములకు పోవు కడ్డీలలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అగును. ఆయన దానికి వెరవలేదు. ఫియట్ యాజమాన్యము మాత్రము వెరచి, ఈ కొత్త అమరికను 1964లో ఆటోబియాంకి అను చిన్న శాఖ పేర ప్రిములా కారులో పరీక్షించి, 1969లో గాని ఫియట్ 128గా తీసికొనిరాలేదు. 1974లో ఫోక్స్‌వాగన్ కూడ వెనుక ఇంజనును వదలి, అడ్డపు ఇంజను, ముందు చక్రములు గల గోల్ఫ్ కారును తెచ్చినది. బీటిల్‌ను కన్నవారే దారి మార్చిన పిమ్మట వాదము దాదాపు ముగిసినది.

భారతదేశములో ఈ వాదము వేరు రూపమున నడచినది. ఇచ్చట ఇంటింటి ప్రశ్న "అంబాసిడరా, ఫియటా?" అనునది. బెంగాలులో ఉత్తరపారా వద్ద 1957 నుండి తయారైన అంబాసిడరు ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ నమూనాకు ప్రతిరూపము. మినీని కన్న సంస్థయే దానిని కూడ కన్నది. బొంబాయిలో తయారైన ఫియట్ 1100 తరువాతి కాలమున పద్మిని అను పేరు ధరించెను. అంబాసిడరు పక్షమువారు దాని దిట్టతనము, బల్లవంటి సీట్లలో ఏడుగురు పట్టుట, ఏ ఊరి మెకానికైనను బాగుచేయగలుగుట చెప్పుదురు. ఫియట్ పక్షమువారు తక్కువ పెట్రోలు, తేలికైన స్టీరింగు చెప్పుదురు. తగవు ఎంత వేడిగా నున్నను, రెండు కార్లలోను ఇంజను ముందు, త్రిప్పు చక్రములు వెనుక! ఐరోపాలో మూడు మతములు పోరాడుచుండగా ఇచ్చట ఒకే మతములో రెండు శాఖలు కలహించినవన్నమాట. పైగా కోరిన కారు చేతికందుటకు యేండ్ల తరబడి కాచుకొనవలసిన రోజులవి. వాదమున గెలిచినవాడు కూడ వరుసలో నిలువవలసినదే.

1983 డిసెంబరు 14న ఢిల్లీ చెంత గుర్‌గావ్‌లో మారుతి 800 వెలువడుటతో అడ్డపు ఇంజను భారతదేశపు ఇండ్లకు వచ్చినది. జపాను సుజుకి సంస్థ నమూనా. 796 ఘన సెంటీమీటర్లు, మూడు సిలిండర్లు, ముందు చక్రములు. అంబాసిడరు సుమారు 4.3 మీటర్ల పొడవు, ఇది సుమారు 3.3 మీటర్లు. ఒక మీటరు తగ్గినను నలుగురు కూర్చుండుటకు చోటు తగ్గలేదు. తగ్గినది ఎక్కువగా యంత్రము వంతే. ఇది అగ్గిపెట్టె అని, పలుచని రేకని పెద్దలు ఎగతాళి చేసిరి. కొన్ని యేండ్లలోనే ఆ ఎగతాళి చేసినవారి వాకిళ్ళలోనే అది నిలిచినది. మారుతి 800, అంబాసిడరు రెండును 2014లోనే ఆగిపోయినవి. నాటి అనంతపురము జిల్లా పెనుకొండ చెంత 2019లో మొదలైన కియా కర్మాగారమునుండి వచ్చు పెట్రోలు, డీజిలు కుటుంబపు కార్లలో నున్నదియు అడ్డపు ఇంజను, ప్రక్కన తగిలించిన గేరుపెట్టె; అనగా జియకోజా అమరికయే.

వెనుక ఇంజను పక్షము పూర్తిగా నోరు మూసికొనలేదు. 2009లో అంగడికి వచ్చిన టాటా నానో 624 ఘన సెంటీమీటర్ల ఇంజనును వెనుకనే పెట్టుకొని, 2018లో ఆగిపోయినది. విద్యుత్తుతో నడచు కార్లు వచ్చిన పిమ్మట లెక్క మరల మారినది. వానిలో బరువైనది మోటారు కాదు, బ్యాటరీ. అది నేల క్రింద పరుచుకొని యుండును గనుక తోక బరువన్న ఆక్షేపణ నిలువదు. మోటారు చిన్నది, ఎచ్చటనైనను ఇముడును. 1974లో ఇంజనును ముందుకు తెచ్చిన ఫోక్స్‌వాగన్ సంస్థయే, 2020లో అమ్మకమునకు తెచ్చిన ఐడి.3 అను విద్యుత్ కారులో, మోటారును తిరిగి వెనుక చక్రముల యొద్ద నిలిపినది.